డెబ్బై రెండు దెబ్బల ఊయల

టక్... ... టక్.

ఒకటి నిదానంగా, ఒకటి తొందరగా.

నేల మీద అటూ ఇటూ ఒరిగే కొయ్య ఊయల చప్పుడు. లోపల పిల్లవాడున్నాడు. పాలు తాగి బరువెక్కి ఉన్నాడు. అటు వెళ్ళిన ఊయల కాస్త ఆగి వస్తుంది. ఇటు వచ్చింది చప్పున తిరిగిపోతుంది. బురుల్ అపా పాట దాని వెనకే నడుస్తుంది — అది ఆగినచోట ఆగుతుంది, తిరిగినచోట తిరుగుతుంది.

నారిన్ కొండల నుంచి మా కిర్గిజ్ రాజధాని బిష్కెక్ దాకా ఆ ఊయలనూ, అందులో మునిమనవణ్ణీ వెంటబెట్టుకుని వచ్చిందామె. పెద్దామెను మేం అపా అంటాం. ఊయల లేనిదే పాట రాదంది. ఊపుతూ పాడింది. నేను రికార్డు చేశాను.

మా స్టూడియో యజమాని మెలిస్‌కి అది తప్పుగా వినిపించింది.

తప్పట!

కంప్యూటర్ తెర మీద నిలువు గీతలుంటాయి. గీతకూ గీతకూ మధ్య ఒకటే దూరం. అపా స్వరాలు గీతల మీద పడలేదు. కొన్ని వెనక... కొన్ని ముందు. అరవై ఏళ్ళుగా బిడ్డల్ని నిద్రపుచ్చుతున్న మనిషికి తాళం రాదని తేల్చాడు ఆ పెద్దమనిషి. నిమిషానికి డెబ్బై రెండు దెబ్బలు పెట్టమన్నాడు. స్వరాలూ, ఊయల చప్పుళ్ళూ అన్నీ గీతల మీదకు లాగెయ్యమన్నాడు.

లాగాను. నేనే, నా చేత్తోనే. ఎంతసేపు పట్టిందని... ఒక్క మీట. స్వరాలన్నీ బడిపిల్లల్లా వరస కట్టి నిలబడ్డాయి. ఈ వేలికి సిగ్గు లేదు.

టక్. టక్. టక్. టక్.

మర్నాడు పొద్దున అపా వినడానికి వచ్చింది. పాట ప్రసూతి ఆసుపత్రికి వెళ్తోందని, పుట్టిన ప్రతి బిడ్డా వింటుందని ఎంత సంబరమో ఆమెకు. మాకోసం బోర్సోక్‌లు, చిన్న చిన్న పిండి ముక్కలు, నూనెలో వేయించి తెచ్చింది. పిల్లవాణ్ణి ఊయలతో సహా గది మూల దింపి, పక్కనే కూర్చుంది.

పాట మొదలుపెట్టాను. అలవాటుగా ఆమె చెయ్యి ఊయలను ఊపింది.

ఊయల ఒక దారి. పాట ఒక దారి.

మళ్ళీ ఊపింది... కలవలేదు. మళ్ళీ... కలవలేదు. చెయ్యి ఆగిపోయింది.

"ఆపమ్మా," అంది. "ఇందులో బిడ్డ లేడు."

పాట ఆపాను. ఖాళీ ఊయల ఊపకూడదు. ఊపితే పుట్టిన బిడ్డకూ మంచిది కాదు, పుట్టబోయే బిడ్డకూ మంచిది కాదు. చిన్నప్పుడు ఆటకు ఊపినందుకు అమ్మ నా చేతి మీద వేసిన దెబ్బ ఇంకా చురుక్కుమంటుంది. మరి నాకెలా వినపడలేదు? బరువు లేని ఊయలే కదా, అలా సమానంగా కొట్టుకునేది...

మెలిస్ నవ్వాడు. ముసలి చాదస్తమన్నాడు. పట్నంలో ఈ తేడా ఎవడికి తెలుస్తుందన్నాడు. మధ్యాహ్నానికల్లా ఆసుపత్రికి పంపెయ్యమన్నాడు. బోర్సోక్ నములుతూ అన్నాడు ఇదంతా — ఆమె వేయించిన బోర్సోక్!

అపా అతని వైపు చూడలేదు. నన్ను చూసింది.

"పురిటి మంచాల పక్కన ఖాళీ ఊయల ఊపుతారా, కందలాత్? నా గొంతుతోనా?"

కోపంతో నా చెవులు వేడెక్కాయి. అతని మీద కోపం... అంతకంటే నా మీద.

మొదటి రికార్డు ఉంది. చెరపలేదు. తెరిచాను. స్వరాలు మళ్ళీ ఎక్కడివక్కడ — గీతకు వెనక, గీతకు ముందు, తమ ఇష్టం వచ్చినచోట.

ఇదే పంపుతానన్నాను. సరిచేసిందే వెళ్ళాలన్నాడు మెలిస్. సరిచెయ్యలేదు, బిడ్డను తీసేశాం అన్నాను. ఉద్యోగం సంగతి గుర్తుందా అన్నాడు.

గుర్తుంది. ఎందుకు గుర్తులేదు?

తెర మీద రెండు పాటలు. పక్కపక్కనే. మౌస్ కోసం అతను చెయ్యి చాపాడు. నా చెయ్యి దాని మీదే ఉంది. తియ్యలేదు. అతని చెయ్యి నా చేతి మీద పడింది. అయినా తియ్యలేదు.

మూలన పిల్లవాడు నిద్రలో కదిలాడు. అపా వంగి ఊయల పిడి పట్టుకుంది.

టక్... ... టక్.