కొనే గుండు, అమ్మే గుండు

ముందే ఒప్పేసుకుంటున్నాను. గుంటూరులో ఒక లేడీస్ జిమ్ గోడ మీద 'అఖిల, కెటిల్‌బెల్ ఇన్‌స్ట్రక్టర్, లెవెల్ వన్' అని ఒక సర్టిఫికెట్ ఉండేది. అది నాది. నాకు రావలసింది మాత్రం కాదు. ఐదు నిమిషాల్లో పన్నెండు కిలోల బరువును వందసార్లు తలమీదికి ఎత్తానని అందులో ఉంది. నేను ఎత్తింది పదకొండు కిలోలు కూడా లేదు. ఆ సంగతి ఎత్తకముందే నాకు తెలుసు.

ఇది 2009 మే నెల. బీటెక్ అయిపోయి ఏడాది. క్యాంపస్‌లో ఉద్యోగం వచ్చింది, స్వీట్లు పంచాం, జాయినింగ్ అక్టోబరన్నారు. తర్వాత జనవరి అన్నారు. ఆ తర్వాత ఏమీ అనడం మానేశారు. ఇంట్లో కూర్చుంటే వచ్చినవాళ్ళందరికీ అమెరికాలో బ్యాంకులు ఎందుకు మునిగాయో నేనే చెప్పాల్సి వస్తోందని, కంప్యూటర్ తెలిసిన అమ్మాయి కావాలంటే నాగేంద్రబాబు గారి జిమ్‌లో చేరాను. నాలుగేళ్ళు మైక్రోప్రాసెసర్లు చదివి, ఆడవాళ్ళ హాజరు ఎక్సెల్‌లో ఎక్కించేదాన్ని. నా మానిటర్ పైన సార్ వాళ్ళ నాన్న బాపయ్య గారి ఫోటో, దానికి చందనం దండ. ఆయన బతికుండగా పల్లెల్లో తిరిగి పత్తి కొనేవారట.

జిమ్‌లో ఆడవాళ్ళకి నేర్పేది నస్రత్ అక్క. ముప్ఫై రెండేళ్ళు ఉంటాయి. మూడేళ్ళుగా పొద్దున బ్యాచ్ ఆమెదే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని, కాన్పయి వచ్చినవాళ్ళని, పెళ్ళి కుదిరి నెలలో సన్నబడాలన్నవాళ్ళని ఒకే గదిలో నడిపేది. ఏ సర్టిఫికెట్టూ లేదు. దాని అవసరం అంతవరకు ఎవరికీ తట్టలేదు.

అవసరం తట్టింది మా సార్‌కే. వీధి చివర ఎవరో ఇంకో జిమ్ పెట్టి, కేబుల్ టీవీలో 'సర్టిఫైడ్ ట్రైనర్' అని స్క్రోలింగ్ వేయించారు. అది చూసి ఈయన రెండు రోజుల కెటిల్‌బెల్ వర్క్‌షాప్ మన ఆధ్వర్యంలోనే అన్నారు. మా ఇద్దరినీ పిలిచి, "ఇద్దరూ వెళ్ళండి. కాగితం ఎవరికొస్తే పొద్దున బ్యాచ్ వాళ్ళది. రెండోవాళ్ళు డెస్క్ చూసుకుంటారు," అని తేల్చేశారు.

"ఇద్దరికీ వస్తే సార్?" అన్నాను.

"ఇద్దరికీ వస్తే నస్రత్ సీనియరు కదమ్మా. ఆమే చూసుకుంటుంది."

నస్రత్ అక్క నవ్వింది. డెస్క్ అంటే ఏం చేయాలో ఆమెకి తెలుసు. ఆ డెస్క్ మీద మౌస్ ఆమె ఎప్పుడూ ముట్టుకోలేదు.

కెటిల్‌బెల్ అంటే ఇనప గుండు, దాని మీద చెయ్యి పట్టేంత కడ్డీ. బొంబాయి నుంచి తెప్పిస్తే ఆలస్యమవుతుందని, సార్ వాళ్ళ గోడౌన్‌లో పడున్న పాత కాటా గుండ్లు తీయించారు. పత్తి తూచిన పది కిలోల రాళ్ళవి. ఒక్కోదాని మీద రెండు కిలోల కడ్డీ వెల్డింగ్ చేస్తే పన్నెండు. ఆ పని ఆటోనగర్‌లో సిలార్ తాతకిచ్చారు. సిలార్ తాత నస్రత్ అక్క వాళ్ళ నాన్న. మిర్చి యార్డులో ముప్ఫై ఏళ్ళు కాటా వేసినవాడు. కరెంటు కాటాలొచ్చాక వెల్డింగ్‌లోకి దిగాడు. ఎనిమిది గుండ్లు చేసి ఎర్ర పెయింటు కొట్టి పంపాడు.

వర్క్‌షాప్ పెదకాకాని దగ్గర ఒక కల్యాణ మండపంలో. పక్క హాల్లో ఎవరివో మొక్కుబడి భోజనాలు. బయట హైవే మీద కోల్డ్ స్టోరేజీలకి పోయే మిర్చి లారీలు. ప్రతి లారీకీ ఒక ఘాటు గాలి లోపలికొచ్చేది, పదకొండు మంది వరసగా తుమ్మేవాళ్ళం. కోచ్ పేరు జాక్. బెంగళూరు నుంచి వచ్చాడు. టీ షర్టు మీద అదే, సర్టిఫికెట్ మీద అదే. పక్క హాల్లోంచి ఒక పెద్దాయన చెయ్యి కడుక్కోవడానికొచ్చి, "ఒరేయ్ జక్రయ్యా, నువ్వేందిరా ఇక్కడ? పొన్నూరులో మీ అమ్మ ఎదురుచూస్తంది గదరా," అనేదాకా.

"వస్తా బాబాయ్, క్లాసులో ఉన్నా," అని, మా వైపు తిరిగి, "ఓకే లేడీస్, హిప్స్ బ్యాక్," అన్నాడు జాక్.

మధ్యాహ్నానికి నా మణికట్టు వాచింది. గుండు వెనక్కి తిరిగి ముంజేతి మీద పడుతోంది. నడుము ఉందో లేదో తెలియడం లేదు. భోజనాల దగ్గర మెట్ల మీద కూర్చుని చెయ్యి ఊదుకుంటుంటే నస్రత్ అక్క వచ్చి, నా గుండు ఒక చేత్తో ఎత్తి, ఒక్క క్షణం ఆగి, దింపేసింది.

"పొద్దుట్నుంచీ దీంతోనే చేస్తున్నావా? ఇది వదిలెయ్. అది తీసుకో," అంది, పక్కనున్న ఇంకో గుండు చూపించి.

"రెండూ పన్నెండే కదక్కా."

"ఎవరు చెప్పారు?" అని అటూ ఇటూ చూసి, రెండు గుండ్లనీ పడుకోబెట్టి అడుగు చూపించింది. ప్రతి కాటా రాయికీ అడుగున ఒక చిన్న గుంట ఉంటుంది. సరైన తూకానికి అందులో సీసం పోస్తారు. నా గుండుకి ఆ సీసం గుంట దాటి ఉబ్బి ఉంది. రెండోదానికి గుంట ఖాళీ, గోకేసినట్టు.

"ఉబ్బింది కొనే గుండు. రైతు పత్తి దీంతో తూస్తారు. పదికి పదకొండున్నర పోతుంది. ఖాళీది అమ్మే గుండు. గేదెల మేతకి పత్తి గింజలు అమ్మేటప్పుడు. నాలుగు అవి, నాలుగు ఇవి. మా నాన్న చేత్తో పట్టుకోగానే చెప్పాడు."

"మరి సార్‌కి చెప్పలేదా?"

"ఏమని చెప్తాడే? బాబూ, మీ నాన్నగారు రెండు రకాల రాళ్ళు వాడారండీ, అనా?" నవ్వబోయి ఆపేసింది. "పెద్దాయన పోయి రెండేళ్ళు కాలేదు. మా నాన్నకి ఆయనంటే గౌరవం. నోరు మెదపొద్దన్నాడు. నీ చెయ్యి చూసి చెప్తున్నా. ఎవరితోనూ అనబాకు."

అననని చెప్పాను. ఆ పూటంతా అమ్మే గుండుతో చేశాను. నా చెయ్యి కోసం ఆమె నాకది ఇచ్చింది, నా ఉబ్బిన గుండు తను తీసుకుంది. ఇది రాస్తుంటే కూడా ఈ వాక్యం దగ్గర ఆగి నీళ్ళు తాగొచ్చాను.

రెండో రోజు పరీక్ష. ఇద్దరిద్దరిని పిలుస్తారు. మా పేర్లు కలిపి పిలిచారు. చాప మీద రెండు గుండ్లు. ఒకటి నిలబడి ఉంది, ఇంకోటి పక్కకి ఒరిగి ఉంది. ఒరిగినదాని అడుగు నాకు కనబడింది. గుంట ఖాళీ.

నేనేమీ ఆలోచించలేదని రాస్తే బాగుంటుంది. ఆలోచించాను. మూడు రకాలుగా ఆలోచించాను. రేపు మా పెద్దమ్మ ఫోన్ చేసి 'ఏం చేస్తున్నావే' అంటే 'ట్రైనర్' అనొచ్చనుకున్నాను. నస్రత్ అక్కకి బలముంది, బరువుదైనా లాగేస్తుందనుకున్నాను. ఇద్దరికీ వస్తే ఎలాగూ బ్యాచ్ ఆమెదేననుకున్నాను. ఇవన్నీ రెండు అడుగుల దూరంలో అనుకుని, వెళ్ళి ఒరిగినదాని ముందు నిలబడ్డాను.

నస్రత్ అక్క నా గుండు చూసింది. నన్ను చూసింది. జాక్ పక్కనే కుర్చీలో నాగేంద్రబాబు గారు కూర్చుని ఉన్నారు. మార్చమని అడగాలంటే ఎందుకో చెప్పాలి. ఆమె వంగి రెండో గుండు, ఆ బరువుది, పట్టుకుంది.

ఐదు నిమిషాలు చాలా పెద్దవి. నలభై దాకా లెక్క వినబడింది. తర్వాత నా గుండె చప్పుడే. అరచేతి చర్మం ఊడింది. తొంభై దగ్గర కళ్ళకి చీకట్లు కమ్మాయి. వంద అయ్యేసరికి ఇంకా పదకొండు సెకన్లు మిగిలాయి. పక్కకి చూశాను. ఆమె ఎనభై ఎనిమిదో సారి ఎత్తుతోంది. చెయ్యి పైకెళ్ళింది. మోచెయ్యి పూర్తిగా సాగలేదు. జాక్ అది లెక్కపెట్టలేదు. విజిల్ వేశాడు.

"సారీ నస్రత్ గారూ. ఆరు నెలల తర్వాత మళ్ళీ రండి."

"పర్లేదండీ," అంది, ఊపిరి కూడగట్టుకుని.

తిరుగు ఆటోలో నేను ఆ చివర, ఆమె ఈ చివర, మధ్యలో ఎవరిదో కోడిపిల్లల బుట్ట. చుట్టుగుంట దగ్గర దిగుతూ, "చేతికి కొబ్బరినూనె రాసుకో," అంది. అంతే.

సోమవారం నుంచి బ్యాచ్ నాది, డెస్క్ ఆమెది. నేను ఆడవాళ్ళ ముందు నిలబడి 'హిప్స్ బ్యాక్' అనేదాన్ని. సుబ్బరావమ్మ గారని ఒకావిడ, బ్యాచ్‌లో అందరికంటే పెద్దది, మూడో రోజే అడిగేసింది.

"ఆ నస్రత్ పిల్ల ఏదమ్మా?"

"డెస్క్ దగ్గర ఉన్నారండీ."

"అక్కడెందుకు? నువ్వు చెప్తుంటే నాకు వ్యాయామం రావట్లా, నీ మీద జాలి వస్తంది."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అద్దాల తలుపు అవతల నస్రత్ అక్క ఒక్కో అక్షరం వెతుక్కుంటూ హాజరు కొడుతోంది. ఆమెకి ఎవరూ నేర్పలేదు. నేర్పాల్సింది నేనే. తొమ్మిదికల్లా బ్యాచ్ అయిపోయినా ఇంటికెళ్ళి పడుకునేదాన్ని. ఏ పనీ చేయకపోయినా అలసటే.

ఎనిమిదో రోజు ఇక మోయలేక సార్ గదిలోకి వెళ్ళాను. "సార్, ఆ గుండ్లన్నీ ఒకే బరువు లేవు. పరీక్షలో నాకు తేలికది వచ్చింది. నస్రత్ అక్కకి బరువుది. మళ్ళీ పెట్టించండి," అన్నాను.

ఎందుకు లేవో చెప్పలేదు. ఎవరి రాళ్ళో చెప్పలేదు. ఆ గదిలోనూ బాపయ్య గారి ఫోటో ఒకటి ఉంది.

సార్ నా వంక తిక్కదాన్ని చూసినట్టు చూసి, ఫోన్ తీసి సిలార్ తాతని రమ్మన్నారు. తెలిసినవాళ్ళ కొట్టు నుంచి కరెంటు కాటా తెప్పించారు. ఇదంతా పొద్దున బ్యాచ్ ముందే. ఆడవాళ్ళు చెమట తుడుచుకుంటూ చుట్టూ నిలబడ్డారు.

"సిలారూ, నువ్వే పెట్టు, నువ్వే చదువు," అన్నారు సార్.

సిలార్ తాత పైపంచె నడుముకి బిగించి మొదటి గుండు ఎత్తి పెట్టాడు. కాటా వేసేవాళ్ళు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. ముప్ఫై ఏళ్ళ అలవాటు. ఇప్పుడూ అదే రాగం.

"లాభం… పది కిలోల ఆరువందలు."

"రెండు… పదమూడు నాలుగువందలు."

"మూడు… పదమూడు నాలుగువందల యాభై."

ఎనిమిదీ చదివాడు. ఒక్కటీ పన్నెండు కాలేదు. సుబ్బరావమ్మ గారు "అబ్బో" అంది.

"ఇదేం పనయ్యా?" అన్నారు సార్. "ఇన్నేళ్ళు కాటా వేశావు, రెండు కిలోల కడ్డీ సమంగా కొయ్యడం రాదా? నలుగురిలో నా పరువు తీశావు గదా."

సిలార్ తాత తలెత్తి సార్ మొహం చూశాడు. గుండు పడుకోబెట్టి అడుగు చూపిస్తే అయిపోయేది. నస్రత్ అక్క డెస్క్ దగ్గర నుంచి లేచి నిలబడింది. వాళ్ళ నాన్నని చూడలేదు. నన్ను చూసింది. చెప్తానని ఎదురుచూసింది. ఎంతసేపో నాకు తెలియదు గానీ, చెప్పడానికి చాలినంతసేపు చూసింది.

నేను చెప్పలేదు.

"అవును బాబూ," అన్నాడు సిలార్ తాత. "చూపు ఆనట్లేదు. నా పొరపాటే."

"తీసుకుపో ఇవన్నీ."

ఆయన ఒక్కొక్కటీ ఆటోలోకి మోశాడు. నేను ఒకటి అందుకోబోతే, "వద్దులేమ్మా, చెయ్యి నొప్పెడుతుంది," అన్నాడు. నస్రత్ అక్క తాళంచెవులు కీబోర్డ్ మీద పెట్టి బయటికొచ్చింది. ఆటో దగ్గర ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"అక్కా, నీకోసమే చెప్పాను."

"నాకోసమా?" గొంతు పెంచలేదు. "చాప మీద నువ్వు దేన్ని పట్టుకున్నావో చూశా. పోనీలే, చిన్నపిల్ల, ఉద్యోగం లేదు అనుకున్నా. ఆరు నెలలు ఆగితే మళ్ళీ పరీక్షకి వెళ్ళేదాన్ని. చెప్తే మొత్తం చెప్పాలి అఖిలా. నీకు హాయిగా ఉండేంత వరకే చెప్పి, మిగిలింది మా నాన్న నెత్తిన పెట్టావు."

ఆటో వెళ్ళిపోయింది. పరీక్ష మళ్ళీ పెట్టలేదు. "జాక్ గారు సంతకం పెట్టాక నువ్వు కాదంటే ఎలా కుదురుతుందమ్మా?" అన్నారు సార్. నస్రత్ అక్క మళ్ళీ రాలేదు. సిలార్ తాతకి ఆటోనగర్‌లో కొలత పనులు ఇవ్వడం తగ్గించారని ఎవరో అంటే విన్నాను. డిసెంబరులో నాకు జాయినింగ్ లెటర్ వచ్చింది. సర్టిఫికెట్ అక్కడే వదిలేసి హైదరాబాద్ వచ్చేశాను. పొద్దున బ్యాచ్‌కి ఇద్దరమూ లేకుండా పోయాం.

ఇప్పుడు మొత్తం రాశాను, బాపయ్య గారి రాళ్ళతో సహా. ఇదీ నా హాయి కోసమేనేమో, నాకు తెలియడం లేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మీరెప్పుడైనా సగం నిజం చెప్పి పక్కవాళ్ళని నలుగురిలో నిలబెట్టారా? తర్వాత వెళ్ళి వాళ్ళ గుమ్మం తొక్కారా? తొక్కితే మొదటి మాట ఏమన్నారు? ఈ పత్రిక చిరునామాకి ఒక కార్డు ముక్క రాయండి. పేరు పెట్టకపోయినా పర్వాలేదు. ఆ మొదటి మాట ఒక్కటి రాస్తే చాలు.