లంకెలపూడి వారి చెంబు

మైకు హారన్ నోట్లో పిచ్చుకలు తెచ్చిపెట్టిన గడ్డిపోచల్ని వేలుపెట్టి లాగి పారేసి, మరియదాసు దాన్ని రిక్షాలోకి ఎత్తాడు. రెండో హారన్ ఎత్తబోతే ఎడమచెయ్యి మాట వినలేదు. కాసేపు ఆగి కుడిచేత్తోనే ఈడ్చి పెట్టాడు. ఆంప్లిఫయరు కాళ్ళ దగ్గర, బ్యాటరీ సీటు కింద, తీగచుట్టలు భుజాన, ఇత్తడి చెంబు ఒళ్ళో. ఇరవై రెండేళ్ళుగా అదే వరస.

వన్ టౌన్‌లో హనుమయ్య గారి మైకు సెట్ల దుకాణంలో ఆయన పని. బెజవాడలో ఎంత పెద్ద సభ జరిగినా మొట్టమొదట మాట్లాడేది మరియదాసే అంటే నమ్మరు గానీ, నిజం. కాకపోతే ఆ ఉపన్యాసం "హలో, హలో, వన్, టూ, త్రీ" అని మొదలై అక్కడే ముగిసేది. పెద్దలు దిగిన ఫోటోల్లో ఓ మూల ఒక మోచెయ్యి కనిపిస్తుంది. అది ఆయనదే. మొహం పడిన ఫోటో ఒక్కటీ లేదు. పడినా గుర్తుపెట్టుకునే మొహం కాదు. ఎండకి కమిలిన చెంపలు, స్తంభాల పైకి చూసీచూసీ వెనక్కి వాలిన మెడ, ఎవరో పిలిచినట్టు ఎప్పుడూ కాస్త ఎత్తి ఉండే కనుబొమలు.

అలాంటి మనిషి దగ్గర ఘనమైనది ఒక్కటే ఉంది. ఇంటిపేరు. లంకెలపూడి.

ఆ ఇంటిపేరు వాళ్ళు అల్లాటప్పా మనుషులు కారు. కుస్తీల జక్కయ్య, నాటకాల ఛాయాదేవి, ఇప్పుడు మంత్రిగా ఉన్న తిరుపతిరావు గారు, అందరూ లంకెలపూడి వాళ్ళే. బందరు కాలవలో ఇరుక్కున్న వడ్ల పడవని జక్కయ్య ఒక్కడే తాడుపట్టి లాగాడని మరియదాసు చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా పడవలో పది బస్తాలు పెరిగేవి. హనుమాన్ జంక్షన్‌లో ఛాయాదేవి శోకం పెడితే లైట్ల చుట్టూ తిరిగే పురుగులు కూడా కింద వాలి ఏడ్చాయట. మా జక్కయ్య, మా ఛాయాదేవి అనేవాడు. వాళ్ళు వందెకరాల రైతులు, తనది పాలేళ్ళ పేట. ఊరు ఒకటి కాబట్టి ఇంటిపేరూ ఒకటే. అంతకు మించి చుట్టరికం లేదని ఆయనకీ తెలుసు.

ఒకే ఇంటిపేరు వాళ్ళలో ఎవరు పోయినా, కబురు తెలిసిన చోటే తలమీద చెంబెడు నీళ్ళు పోసుకుని గాని ముద్ద ముట్టకూడదని ఆ రైతుల ఆచారం. మరియదాసు ఆదివారం గుడికి వెళ్ళి సిలువ గుర్తు వేసుకునే మనిషి. అయినా పాటించేవాడు. జక్కయ్య పోయాడని టీకొట్టు పేపర్లో చదవగానే, నోటిదాకా వచ్చిన గ్లాసు కిందపెట్టి, చొక్కాతోనే మున్సిపాలిటీ పంపు దగ్గర కూర్చున్నాడు. ఛాయాదేవికీ అంతే. సంగతి ఫాదర్ గారి చెవిన పడి, చిన్నప్పుడు నీకు పోసిన జ్ఞానస్నానం చాల్లేదా అని కోప్పడ్డారు. నాలుగేళ్ళ కిందట ఓ పొద్దున మళ్ళీ తడిబట్టలతో వస్తే హనుమయ్య గారు నవ్వారు.

"ఇవాళెవరోయ్ పోయింది? మంత్రిగారేనా?"

"కాదండి. మా మణెమ్మండి."

భార్య మాట అలా చెప్పాడు. ఆ తర్వాత హనుమయ్య గారు ఆ వేళాకోళం మళ్ళీ ఎత్తలేదు.

పిల్లల్లేరు. మణెమ్మ పోయాక, తన కోసం ఆ ఇంటిపేరున తల తడుపుకునే మనిషి భూమ్మీద మిగల్లేదు. అదే మరియదాసుని లోపల్లోపల తొలిచేది. స్తంభం ఎక్కితే ఆయాసం, దిగితే చెమట. గుండె అరిగిపోయిందని పెద్దాసుపత్రిలో చెప్పారు. నే పోతే ఒక్కడంటే ఒక్కడు నీళ్ళు పోసుకోవాలండి, లేకపోతే నేనిక్కడికి వచ్చి వెళ్ళినట్టే ఉండదు అని హనుమయ్య గారితో ఒకసారి అన్నాడు.

అందుకే డెబ్బై నాలుగు మే నెలలో, భవానీపురంలో లంకెలపూడి వంశీయుల సభకి మైకు కావాలనగానే తానే వెళ్తానన్నాడు. ఇంటిపేరు వాళ్ళందరినీ ఆవేళ ఒక పుస్తకంలో రాస్తారట. రాసిన వాళ్ళలో ఎవరు పోయినా మిగతా అందరికీ కార్డు వెళ్తుందట.

పందిరి కింద నాలుగొందల మంది. వేదిక మీద జక్కయ్యకీ, ఛాయాదేవికీ దండలు వేసిన ఫోటోలు. పందిరి వెనక గాడిపొయ్యి మీద బూరెల మూకుళ్ళు. మరియదాసు ఆ పొద్దున రిక్షాలో తెచ్చిన హారన్లు కట్టి, పందిరి గుంజ దగ్గర ఆంప్లిఫయరు పెట్టుకుని, పక్కన చెంబు నిండా నీళ్ళు ఉంచుకున్నాడు. చెంబు వాళ్ళ నాన్నది. ఏ ఇంట నీళ్ళడిగినా దోసిట్లోనే పోస్తున్నారని ఆయన కోతల గింజలు దాచి కొనుక్కుని, మెడ చుట్టూ ఇంటిపేరు చెక్కించాడు.

మంత్రిగారు ఇంకా రాలేదు. మరియదాసు చేతులు తుడుచుకుని పుస్తకం బల్ల దగ్గరికి వెళ్ళాడు. కార్యదర్శి వెంకటకృష్ణారావు గారు తలెత్తకుండానే పేరడిగారు.

"లంకెలపూడి అండి."

"రండి, రండి. మీరే శాఖ వారు? నాన్నగారి పేరు?"

"శౌరయ్యండి. లంకెలపూడి శౌరయ్య. నా పేరు మరియదాసండి."

కలం ఆగింది. ఆయన అప్పుడు తలెత్తి, భుజాన ఉన్న తీగచుట్ట చూశారు.

"నువ్వు మైకు తాలూకు కదూ?" అన్నారు మెత్తగా. "ఇందులో గోత్రం గడి ఉంది చూశావా. అది ఖాళీగా వదిలితే పుస్తకం అందం చెడుతుంది. ఏమనుకోకు. భోజనం చేసి వెళ్ళు, మీకు పందిరి వెనక వడ్డిస్తారు."

"అలాగేనండి," అన్నాడు మరియదాసు. ఆయన తిట్టి ఉంటే కాస్త బాగుండేది.

మంత్రిగారు వచ్చారు. లంకెలపూడి అన్న పేరున్నవాడు పూరి గుడిసెలో ఉన్నా తనకి తోడబుట్టినవాడేనన్నారు. అలాంటివాడు పోయాడని వింటే ఏ ఢిల్లీలో ఉన్నా తలమీద చెంబెడు నీళ్ళు పోసుకుంటానన్నారు. నాలుగొందల మంది చప్పట్లు కొట్టారు. ఆ మాట ఏటి ఒడ్డుదాకా వినబడాలని మరియదాసు మీట కొంచెం పైకి తిప్పాడు. తిప్పాక, ఎందుకు తిప్పానా అనుకున్నాడు. గొంతు ఎండిపోతోంది గానీ చెంబు అందుకోవడానికి చెయ్యి లేవలేదు.

పోయిన పెద్దల కోసం రెండు నిమిషాలు మౌనం పాటించమన్నారు. అందరూ లేచి, తలలు వంచి, కళ్ళు మూసుకున్నారు. మరియదాసు కూడా లేవబోయాడు. గుంజ పట్టుకుని సగం లేచి, మళ్ళీ మెల్లగా దాని మొదట్లో కూర్చుని, తల వెనక్కి ఆనించాడు. మణెమ్మ పోయినప్పుడు కూడా ఊరు ఇంత నిశ్శబ్దంగా లేదు. కళ్ళు మూసుకున్న నాలుగొందల మంది మధ్య ఆయన కళ్ళొక్కటే తెరిచి ఉన్నాయి. రెండు నిమిషాలు అయ్యాకా అలాగే ఉన్నాయి.

కార్యదర్శి మళ్ళీ మాట్లాడబోతే మైకు కీచుమని కూసింది. మీట దించేవాడు లేడు. ఏమయ్యా మైకూ అని రెండుసార్లు కేకేసి, చివరికి ఆయనే దిగి వచ్చారు. వంశంలోని డాక్టరు గారొకరు నాడి చూసి పెదవి విరిచారు. మంత్రిగారు వేదిక మీద నుంచి వంగి, పాపం ఎవరతను, పేరేమిటని అడిగారు.

వెంకటకృష్ణారావు గారు చెడ్డవారేమీ కారు. కానీ పేరు చెబితే, ఇప్పుడే అందరూ చప్పట్లు కొట్టిన మాట ఉంది. నాలుగొందల మందీ తలలు తడుపుకోవాలి. మైల సోకిన వంట పారబొయ్యాలి. అప్పటికే వంటాయన రెండుసార్లు వచ్చి, బూరెలు చల్లారిపోతున్నాయని చెప్పి వెళ్ళాడు.

"మైకతనండి. పేరు తెలీదు," అన్నారాయన.

మరియదాసుని వచ్చిన రిక్షాలోనే పంపారు. మెడ వాలకుండా తీగచుట్ట దన్ను పెట్టారు. విస్తళ్ళు లేచాయి. సాయంత్రం హనుమయ్య గారు మొహం వేలాడేసుకుని వచ్చి, తన సామానంతా తీసుకువెళ్ళారు. చెంబు ఆయన దుకాణానిది కాదు, అక్కడే ఉండిపోయింది.

పందిరి విప్పే ముందు, రామతులసి గారనే ముసలావిడ దాన్ని చూసి, మెడ చుట్టూ ఉన్న అక్షరాలు కూడబలుక్కుని, ఎవరో మనవాళ్ళదే పాపం మరిచిపోయారని చెంగుతో తుడిచి, వేదిక మీద ఆ రెండు ఫోటోల మధ్య పెట్టింది. అంచు దాకా నీళ్ళు, ఒక్క చుక్కా తొణకలేదు.