పిన్ని ఏరి ఇచ్చిన అద్దాలు

హెడ్‌లైటు అద్దాలు పసుపెక్కిపోతున్నాయని కారు కంపెనీ నుంచి నాలుగో ఉత్తరం వచ్చేసరికి అద్దాల ఫ్యాక్టరీలో పరీక్షల గది అమ్మాయికి బుర్ర తిరిగిపోయింది. తిరగదూ మరి! సరుకు తయారైన ప్రతిసారీ ఆరు అద్దాలను ఎండపెట్టెలో పెట్టి, ఘాటైన దీపాల కింద మూడు వారాలు మాడ్చి, పాసని సంతకం పెట్టేది తనే. మూడేళ్ళలో ఒక్కటంటే ఒక్కటి రంగు మారలేదు. బయట మాత్రం ఏడాది తిరక్కుండానే మసకబారుతున్నాయట. ఒక డ్రైవరు మలుపు కనబడక కాలువలో పడ్డాడట. తప్పెక్కడో తేల్చు, లేదంటే ఉద్యోగం మీద ఆశ వదులుకో అన్నాడు మేనేజరు.

ఎక్కడని తేలుస్తుంది? అద్దాలకి ఎండ కాచే పూత వేసిన వాళ్ళని అడిగితే అద్దాల ప్లాస్టిక్ అమ్మినవాళ్ళ మీదికి తోశారు. వాళ్ళేమో జనం ఏ సబ్బు దొరికితే దాంతో కార్లు కడుగుతారని డ్రైవర్లనే దులిపేశారు. ఎవరు చెప్పినా నిజమే అనిపించింది ఆ పిచ్చితల్లికి. రూల్సు పుస్తకం మాత్రం మొహమాటం లేకుండా చెప్పింది: అద్దం అంచున ఎవరి గుర్తు ఉంటే పూచీ వాళ్ళది. ఉన్నది తమ ఫ్యాక్టరీ గుర్తే. అయితే పాసైన అద్దం రోడ్డెక్కాక ఎందుకు పాడైనట్టు?

నమూనాలు రోజూ మోసుకొచ్చే పిన్ని ఆ మధ్యాహ్నం ఎంతకీ రాలేదు. పిన్నంటే అమ్మకు సొంత చెల్లెలు, ప్యాకింగులో పాత కాపు, ఈ ఉద్యోగం వేయించిన మనిషి. నిజానికి నమూనాలు అమ్మాయే కిందికి దిగి, ఏరకుండా చేతికందినవి తెచ్చుకోవాలి. రెండంతస్తులు నువ్వేం దిగుతావులే అని ఆ పని పిన్ని నెత్తినేసుకుంది. ఇక లాభం లేదని అమ్మాయే దిగింది.

కిటికీ దగ్గర పిన్ని ఒక్కో అద్దాన్నీ వెలుతురుకి పట్టి తిప్పి చూస్తోంది. కొన్ని పెట్టెలోకి, కొన్ని ఒళ్ళోకి.

“ఏం చేస్తున్నావు పిన్నీ?”

“పూత సమంగా పడ్డవి ఏరుతున్నానే. పలచటిది ఒక్కటి నీ దగ్గరికొచ్చినా మేనేజరు నిన్ను కడిగేస్తాడు కదా.”

“మరి పలచటివి?”

“అవి మామూలుగా సరుకులోకి పోతాయి.”

అమ్మాయికి కాసేపు ఏమీ అర్థం కాలేదు. మూడేళ్ళుగా తను మాడ్చినవన్నీ ఏరిన మంచివేనని అప్పుడు వెలిగింది. పిన్ని ఇంకా ఏరని సరుకులోంచి చూడకుండా ఆరు తీసుకుని పైకెక్కింది.

మూడో వారానికి నాలుగు పసుపెక్కాయి.

పూత వాళ్ళ తప్పని రాసి పారేయమన్నాడు మేనేజరు. రిపోర్టులో నమూనాలు తీసిందెవరన్న గడి ఒకటుంది. అందులో నిజం రాస్తే మూడేళ్ళ సరుకూ ఫ్యాక్టరీయే వెనక్కి తెప్పించాలి. అమ్మాయి కలం పట్టుకుని ఎటూ తేల్చుకోలేక కూర్చుంది. పిన్ని మెట్లెక్కి వచ్చి, తన పేరు రాయమంది.

“తీయాల్సింది నేను. నేనే తీయలేదు,” అంటూ అమ్మాయి ఆ మాటే గడిలో రాసింది.

పిన్ని కళ్ళు తుడుచుకుంది. “నిన్ను కాపాడదామనుకున్నానే.”

“కాపాడావు పిన్నీ. నన్నొక్కదాన్నే.”

అమ్మాయి రిపోర్టు కింద సంతకం పెట్టింది.