బరువు తగ్గిన కంప్యూటర్లు

గ్రంథాలయం మూలగదిలో నాలుగు కంప్యూటర్లున్నాయి. ఉన్నాయంటే ఉన్నాయంతే. మీట నొక్కితే ఫ్యాను గుర్రుమంటుంది, తెర మీద మాత్రం ఏమీ తేలదు. ఆ తేలనిదాన్ని గ్రంథాలయ సంఘం అధ్యక్షులవారు తేల్చేశారు.

"పాతవైపోయాయమ్మా. తీసేసి విరిగిన కుర్చీలు పెట్టుకుందాం. ఆదివారం సమావేశంలో తీర్మానం చేసేస్తాను" అన్నారు. రహస్యం చెప్పినా పక్కవీధికి వినిపించే గొంతు ఆయనది.

లైబ్రేరియనమ్మ ఆ గదివంక చూసింది. ఇవి నడిచిన రోజుల్లో ఇంట్లో కంప్యూటరు లేనివాళ్లు ఉద్యోగాలకి దరఖాస్తులు రాసుకున్న గది అది. 'పాతవైతే పాతిపెట్టాలా?' అని గొణుక్కుని, కంప్యూటర్లు బాగుచేసే మరిదిని పిలిచింది.

మరిది జేబులో పెన్‌డ్రైవులతో దిగాడు. ఒకదాని మూత విప్పి చూసి పెదవి విరిచాడు.

"ర్యామ్, అంటే పని చేసేటప్పటి జ్ఞాపకశక్తి, అర జీబీయే వదినా. ఇప్పటి సరుకేదైనా ఎక్కించామంటే రామా అన్నా పలకవు. కంప్యూటరుని నడిపించే తేలికపాటి సాఫ్ట్‌వేరు, లినక్స్ వేద్దాం. ఊరికే వస్తుంది."

"ఏ ఊరికి?"

"వదినా!"

లినక్స్‌లో రకాలు వందలట. ఎవరికి కావలసినట్టు వాళ్లు కత్తిరించి కుట్టుకోవచ్చట. మొదటి రకం పెడితే కంప్యూటరు మొహం తిప్పుకుంది.

"అయ్యో, ఇది అరవై నాలుగు బిట్లది. వీటివి ముప్పై రెండే."

"మన పళ్లూ అన్నే కదయ్యా. రెండు నోళ్ల మేత ఒక నోట్లో కుక్కితే ఎలా నములుతాయి?"

రెండోది సరిపోయింది. మహా సోకుగా ఉంది. తెర మీద బొమ్మలు గెంతుతున్నాయి, నీడలు పడుతున్నాయి. "ఎలా ఉంది?" అని మరిది మురిసిపోయాడు. ఆవిడ ఒక ఫైలు తెరవమని నొక్కి, బండెడు పుస్తకాలు బీరువాల్లో సర్ది వచ్చింది. ఫైలింకా తెరుచుకుంటూనే ఉంది.

"ఏమయ్యా మరిదీ, మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మకి పట్టుచీర చుట్టి పరిగెత్తమంటావేం? నేతచీర చాలు."

మూడోది బక్కప్రాణి. బూడిదరంగు తెర, నాలుగు బొమ్మలు. మొత్తం వచ్చి ర్యామ్‌లోనే కూర్చుంటుంది. నొక్కగానే ఫైలు తెరుచుకుంది. ఆవిడ 'అబ్బ' అనబోతే 'అ' దగ్గరే పని అయిపోయింది.

"ఒక్క సంగతి వదినా. ఆపేటప్పుడు 'దాచాలా, వద్దా?' అని అడుగుతుంది. వద్దంటే మర్నాటికి తుడిచిన పలకే."

"అయితే ఇది మా మనిషే! సాయంత్రానికి బల్లల మీద పుల్లముక్క మిగలనిస్తామా మేము?" అని ఆవిడ సంబరపడింది. మరిది నాలుగింటికీ అదే ఎక్కించాడు. అప్పట్నుంచి రోజూ తలుపులు మూసేముందు, బల్లలు ఖాళీ చేసిన చేత్తోనే నాలుగింటికీ 'వద్దు' నొక్కేది.

శనివారం అధ్యక్షులవారు ఉరుకులు పరుగుల మీద వచ్చారు. ఇంట్లో ఆయన కొత్త కంప్యూటరు పొద్దుట్నుంచీ తనను తాను తాజా చేసుకునే పనిలో ఉందట. తొందరలో అది ఏదో కూడా చూసుకోకుండా, మూలగదిలో దొరికిన కంప్యూటరు ముందు కూర్చుని తీర్మానం టకటకా కొట్టి, ఫోను మోగితే "ప్రింటు రేపు తీసుకుంటా" అంటూ వెళ్లిపోయారు. సాయంత్రం ఆవిడ అలవాటు చొప్పున 'వద్దు' అంది.

"అమ్మా! నా తీర్మానమేదీ?"

ఆదివారం ఆ కేకకి పేపరు చదివేవాళ్లు పేపర్లు వదిలేసి గుమ్మం దగ్గర మూగారు. ఆవిడ గబగబా కీబోర్డు ముందుకు జరిగింది. గది పోవడానికి ఇప్పుడు సాకు కూడా దొరికింది, అదీ తన చేతి మీదుగా.

"బల్లలతో పాటు అదీ తుడిచేశానండీ. తప్పు నాదే. మీరు చెప్పండి, నేను కొడతాను."

ఆయన గొంతెత్తి మొదలుపెట్టారు. "మూలగదిలోని కంప్యూటర్లు..."

అక్షరాలు ఆయన నోటి వెంటే తెర మీదికి వచ్చి వాలుతున్నాయి.

"...ఏ పనికీ రానివైనందున..."

ఆవిడ ఒక్క అక్షరం పొల్లుపోకుండా కొట్టింది. "తర్వాతండీ?"

ఆయన తెరవంక చూశారు. గుమ్మంలోంచి ఒక పెద్దాయన అందుకున్నాడు. "పనికిరానిదాంతో భలే పని చేయిస్తున్నారే!"

నవ్వులు. ముందు ఆయన చెవులు ఎర్రబడ్డాయి, తర్వాత పొట్ట కదిలింది, చివరికి ఆయన నవ్వే అందరికంటే పైకి వినిపించింది.

"చెరిపెయ్యమ్మా. కుర్చీలకి ఇంకో చోటు చూద్దాం. అసలిది ఎలా నడుస్తోందో నాకూ కాస్త చూపించు" అంటూ కుర్చీ ముందుకు లాక్కున్నారు.

వెనకనుంచి ఒకమ్మాయి మెల్లగా అంది. "సార్, ఏమీ అనుకోకపోతే కాస్త లేస్తారా? మిగతా మూడూ ఖాళీ లేవు, నా దరఖాస్తుకి ఇవాళే ఆఖరు."

అధ్యక్షులవారు లేచారు.