కాలరు పెద్దమ్మ చెప్పిన మందులు

చొక్కాలు కుట్టే ఆ ఫ్యాక్టరీలో ఎవరినీ సొంత పేరుతో పిలవరు. పదకొండేళ్ళుగా జేబులు కుడుతున్నామె జేబులక్క. ఆమె పక్క మిషను మీద కాలర్లు కుట్టే యాభై ఏళ్ళ మనిషి కాలరు పెద్దమ్మ. పొద్దున్న ఎనిమిదింటికి కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవకూడదు. రేకుల కప్పు కింద, దళసరి పాలియెస్టర్ యూనిఫాంలో, చెమట ఒంటి మీదే పుట్టి ఒంటి మీదే ఆరుతుంది. లేవాల్సి వస్తుందని ఆడవాళ్ళు మంచినీళ్ళు కూడా గుక్కెడే తాగుతారు.

ఎనిమిది నెలలుగా జేబులక్కకు ఒక బాధ ఉంది. చెప్పుకోలేని చోట దురద, మంట, విరిగిన పాలలా తెల్లబట్ట. భర్తకు చెప్పలేదు, చెబితే ఏమనుకుంటాడోనని. మందుల షాపు దాకా రెండుసార్లు వెళ్ళి, కౌంటర్లో మగవాడు కనిపించేసరికి తలనొప్పి మాత్ర కొనుక్కుని తిరిగొచ్చింది. సూది వేలిలో దిగితే పదిమందికీ చూపించి కట్టు కట్టించుకునే ఆడవాళ్ళే వీళ్ళు. ఈ ఒక్క బాధ దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోటికి తాళం పడుతుంది. అయ్యో, ఏం పాపం చేశారని!

చివరికి ఒకనాడు బాత్రూం దగ్గర కాలరు పెద్దమ్మ చెవిన వేసింది.

"ఓస్, ఇంతేనా! దీనికింత మొహం వేలాడేసుకోవాలా పిచ్చిదానా?" అంది పెద్దమ్మ. "పరగడుపున తేనె నీళ్ళు తాగు. పెరుగు తిను. దానికీ తగ్గకపోతే వెల్లుల్లి రెబ్బ ఉంది, వెనిగర్ నీళ్ళున్నాయి. అన్నీ వంటింట్లో దొరికేవేనే, ఒంటికి ఏ చెడూ చెయ్యవు. ఇంకోటి, ఎవరికీ చెప్పకు. మన పరువు మన చేతిలోనే ఉంటుంది."

ఆ ఆఖరి మాటే విషమని అప్పుడెవరికి తెలుసు!

జేబులక్క తేనె నీళ్ళు తాగింది. నాలుగు రోజులు నెమ్మదించి మళ్ళీ మొదలైంది. పెద్దమ్మ చెప్పినట్టే వెల్లుల్లి రెబ్బ పెట్టుకుంటే పుండై, మూడు రోజులు స్టూలు మీద సరిగ్గా కూర్చోలేకపోయింది. తగ్గలేదన్న ప్రతిసారీ పెద్దమ్మ దగ్గర ఇంకో మందు సిద్ధంగా ఉండేది. 'ఈవిడ తలకాయలో ఒక ఆస్పత్రే ఉంది' అని జేబులక్క మురిసిపోయేది.

ఈలోగా పెద్దమ్మ చిక్కిపోసాగింది. యూనిఫాం రెండుసార్లు బిగించి కుట్టుకుంది. నీళ్ళు తాగని ఆ వరసలో ఆవిడొక్కతే సీసా మీద సీసా ఖాళీ చేసేది. సూపర్‌వైజరు గుడ్లురిమినా గంటకోసారి లేచి వెళ్ళేది.

"ఏం పెద్దమ్మా, మళ్ళీ పెళ్ళికూతురివి అవుదామనా?" అని బొత్తాలు కుట్టే అమ్మాయి ఆటపట్టిస్తే అందరూ నవ్వారు. పెద్దమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే సూదిలోకి దారం ఎక్కించబోయి మూడుసార్లు తప్పింది. కళ్ళు మసకలంటూ కొంగుతో తుడుచుకుంది. అది ఎవరూ పట్టించుకోలేదు.

ఒక సోమవారం ఆ మిషను ఖాళీగా ఉంది. మంగళవారమూ అంతే. పెద్దమ్మను ఆస్పత్రిలో చేర్చారని తెలిసి, షిఫ్టు దిగగానే జేబులక్క అక్కడికి పరుగెత్తింది. పెద్దమ్మ స్పృహలో లేదు. చేతికి సెలైను, ముక్కుకు గొట్టం. ఎవరో తరుముతున్నట్టు ఊపిరి ఎగసిపడుతోంది. మంచం పక్కన ఆవిడ కూతురు, ఇరవై రెండేళ్ళ పిల్ల, బిక్కచచ్చి నిలబడింది.

"షుగరు ఐదు వందలు దాటింది. ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు" అంటోంది డాక్టరమ్మ. "ఎప్పుడూ పరీక్ష చేయించలేదా? పదేపదే దురద, తెల్లబట్ట లాంటివి ఉండేవా?"

"మా అమ్మకా? అబ్బే, అలాంటివేం లేవండీ" అంది కూతురు తల దించుకుని.

జేబులక్క తలెత్తి కూతురి వైపు చూసింది. లేవా? మరి ఆవిడకి అన్ని మందులు ఎలా తెలిశాయి? ఒక్కటి పనిచేసినా రెండోది వెతుక్కోవాల్సిన అవసరమేముంది? తనకు చెప్పిన ప్రతి మందూ పెద్దమ్మ ముందు తన ఒంటి మీద వాడి, తగ్గక, ఇంకోటి పట్టుకున్నదే!

నిజం చెబితే తన గుట్టూ రట్టవుతుంది. పక్క మంచాల వాళ్ళంతా చెవులు రిక్కించి ఉన్నారు. పెద్దమ్మ మూలిగింది.

"ఉండేవి డాక్టరమ్మా" అంది జేబులక్క ఒక్క ఊపున. "ఏళ్ళుగా ఉండి ఉంటాయి. నాకూ ఉన్నాయి. మందని ఇద్దరం రోజూ తేనె నీళ్ళు తాగాం, వెల్లుల్లి, వెనిగరు కూడా వాడాం."

డాక్టరమ్మ నుదురు పట్టుకుంది. "దీన్ని ఈస్ట్ ఇన్ఫెక్షన్ అంటారమ్మా. చాలామంది ఆడవాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చేదే, తప్పుడు జబ్బేం కాదు. నూలు బట్టలు కట్టుకోండి, చెమట, తడి లేకుండా చూసుకోండి, తీపి తగ్గించండి, పెరుగు తినండి. అవన్నీ మంచివే, నేను కాదనను. వెల్లుల్లి, వెనిగరు మాత్రం అక్కడ వాడకండి, పుండ్లు పడతాయి. వచ్చాక సరైన మందు వాడితే చాలామందికి రోజుల్లోనే తగ్గుతుంది. మళ్ళీ మళ్ళీ వస్తోందంటే వెనక షుగరు ఉందేమో చూడాలి. షుగరున్న మనిషి రోజూ తేనె తాగితే అగ్నికి ఆజ్యం పోసినట్టే. ఈవిడ ఒళ్ళు ఎన్నేళ్ళుగా మొత్తుకుంటోందో!"

ఆ సాయంత్రమే జేబులక్కకు పరీక్షలు చేశారు. ఆమెకు షుగరు లేదు. ఎనిమిది నెలల నరకానికి వారం రోజుల మందు రాసిచ్చారు. ఆ చీటీ చూసుకుని ఏడవాలో నవ్వాలో తెలియలేదు ఆమెకు.

మూడో రోజు మధ్యాహ్నం పెద్దమ్మ ప్రాణం పోయింది.

ఆస్పత్రి మెట్ల మీద కూతురు జేబులక్కను పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడుపు మధ్యలో చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అక్కా, ఎవరికీ చెప్పకు. మూడు నెలలుగా నాకూ అదే బాధ. అమ్మ ఇచ్చిన తేనె నీళ్ళే తాగుతున్నా."

తల్లి శవం ఇంకా లోపలే ఉంది, ఈ పిల్ల నోట మళ్ళీ అదే గుసగుస! జేబులక్క ఆ పిల్ల మణికట్టు గట్టిగా పట్టుకుని, మెట్ల మీదున్న వాళ్ళందరికీ వినిపించేలా అంది:

"చెబుతానే, అందరికీ చెబుతా. ముందు నువ్వు లోపలికి రా, పరీక్ష చేయించుకో. మీ అమ్మని షుగరు ఒక్కటే చంపలేదు తల్లీ, 'ఎవరికీ చెప్పకు' అన్న మాట చంపింది."