కంచె పక్కన కొమ్ముల బండి

"మా విమానం పన్నెండింటికి అక్కడినుంచి లేవాలి. మీరు అందులో ఉంటారో లేదో ఈలోపు తేల్చండి, వేడ్."

లేక్‌మోర్ విశ్వవిద్యాలయం అధ్యక్షురాలు ఫోను పెట్టేసింది. వేడ్ టల్‌బర్ట్ గోడ గడియారం చూశాడు. పది ఇరవై.

తొమ్మిదేళ్ళుగా అతను కాటన్‌వుడ్ స్టేట్ కాలేజీకి క్రీడల డైరెక్టర్. ఈ సాయంత్రం లేక్‌మోర్‌కి కొత్త డైరెక్టర్‌గా పత్రికలవాళ్ళ ముందు నిలబడాలి. వాళ్ళు పంపిన మెరూన్ టై బల్లమీద పడివుంది. మెడలో ఉన్నది ఇంకా కాటన్‌వుడ్ పచ్చ టైయే.

తలుపు అవతల వరండాలో ముప్ఫై ఒక్కమంది ఈతగాళ్ళు నేలమీద కూర్చున్నారు. అందరి తలలకీ పచ్చ రబ్బరు టోపీలు. పదకొండున్నరకి ట్రస్టీల బోర్డు వాళ్ళ జట్టునే రద్దు చేయబోతోంది. డబ్బు లేదు.

ఉండాల్సిన డబ్బే. దక్షిణాది పెద్ద విశ్వవిద్యాలయం ఒకటి సెప్టెంబర్‌లో తన మైదానంలో కాటన్‌వుడ్ ఫుట్‌బాల్ జట్టును చితగ్గొట్టడానికి పదమూడు లక్షల డాలర్లిస్తానని ఒప్పందం రాసింది. చిన్న కాలేజీలు అలా వెళ్ళి తన్నులు తిని, ఆ డబ్బుతో మిగతా ఆటలన్నీ నడుపుకుంటాయి. ఆట రద్దు చేస్తే పెద్దవాళ్ళు మొత్తం కట్టాల్సిందే. ఫిబ్రవరిలో వాళ్ళు రద్దు చేశారు. వేడ్ చెక్కు కోసం చూశాడు. ఈ ఉదయం చెక్కుకి బదులు ఒక ఉత్తరం నకలు వచ్చింది. "మేమే తప్పుకుంటున్నాం, మీరు ఏమీ కట్టనక్కర్లేదు" అని కాటన్‌వుడ్ రాసిన ఉత్తరం. కింద వేడ్ సంతకం. గంటలో అది అభిమానుల వెబ్‌సైట్‌కి ఎక్కింది.

అతను ఆ ఉత్తరం రాయలేదు. సంతకం మాత్రం అతనిదే.

అతని సహాయకురాలు లోర్నా పిట్‌మన్ కాఫీ తెచ్చి బల్లమీద పెట్టింది. పంతొమ్మిదేళ్ళుగా ఆ గదిని నడుపుతున్నది నిజానికి ఆవిడే.

"బాస్, ఊళ్ళో మీకు కొత్త పేరొచ్చింది తెలుసా? పదమూడు లక్షల వేడ్."

"నవ్వించకు లోర్నా."

"నేనూ నవ్వడం లేదు. గాంట్ గారు ఫోన్ చేశారు. ఉత్తరం పొరపాటున నా చేతిమీదుగా పోయిందని మీరు చెప్తే సరిపోతుందట. మీకు విమానం, నాకు పింఛను, కథ కంచికి." గొంతు మామూలుగానే ఉంది.

ఆర్లిస్ గాంట్ బోర్డు చైర్మన్. ఆయన అడిగితే ఊళ్ళో కాదనేవాళ్ళు లేరు.

"ఉత్తరం తేదీ ఎంత?"

"ఫిబ్రవరి ఇరవై ఒకటి. ఆ దక్షిణాదివాళ్ళు విమానంలో వచ్చి మీతో బేరం కుదుర్చుకున్న రోజని జనం అంటున్నారు. ఇదుగో చూడండి."

లోర్నా తన ఫోను చూపించింది. ఏ డైరెక్టర్ ఎటు పోతున్నాడో పసిగట్టడానికి అభిమానులు విమానాల నంబర్లు కాపలా కాస్తారు. ఊరి చిన్న విమానాశ్రయంలో ఆగిన తెల్ల విమానాన్ని ఎవరో కంచె బయటనుంచి ఫోటో తీశారు. నంబరు చుట్టూ ఎర్ర గీత.

"ఆరోజు నేను ఊళ్ళోనే లేను," అన్నాడు వేడ్. "రెండువందల మైళ్ళ దూరంలో ఈత పోటీల్లో పతకాలు వేస్తున్నాను."

"నాకు తెలుసు. బయట కూర్చున్న పిల్లలకీ తెలుసు. మీరు సగం పతకాలు తిరగేసి వేశారట."

వేడ్ ఫోటోని వేళ్ళతో పెద్దది చేశాడు. అందరూ నంబరు చూశారు. మూలన కంచె పక్కన ఉన్నది ఎవరూ చూడలేదు. పచ్చరంగు గోల్ఫ్ బండి. ముందు అడవిదున్న కొమ్ములు.

ఊళ్ళో అలాంటి బండి ఒక్కటే ఉంది.

వేడ్ కాఫీ తాగలేదు. జనవరి గుర్తొచ్చింది. ఫుట్‌బాల్‌కి సహాయ శిక్షకుల్ని తీసుకునే హడావుడిలో ఆ బండి నడిపే ఆయనే అన్నాడు: "ఇద్దరున్నారు, రేపు పొద్దున్నకి ఇంకో కాలేజీ ఎగరేసుకుపోతుంది. కాంట్రాక్టుల చివరి పేజీలమీద సంతకం పడెయ్, పైన నేను రాయించుకుంటాను." ఆ సీజన్‌లో అందరూ చేసే పనే. రెండు పేజీలమీద సంతకం పెట్టాడు. వచ్చింది ఒక్క శిక్షకుడే.

పది నలభైకి అతను అభ్యాస మైదానంలో ఉన్నాడు. కొమ్ముల బండి మైదానం అంచు గీతమీదే ఆగి ఉంది. అందులో ఫుట్‌బాల్ జట్టు శిక్షకుడు, డెబ్బైఏళ్ళ మనిషి, మోకాలికి పట్టీ, మెడలో ఈల. ఊరంతా ఆయన్ని కోచ్ అనే పిలుస్తుంది. పేరు పెట్టి పిలవడం భార్యకి కూడా అలవాటు లేదంటారు. ముప్ఫైఏళ్ళ కిందట వేడ్ ఆయన జట్టులోనే ఆడాడు.

"ఏరా, మెరూన్ టై ఇంకా కట్టలేదే? మెడకి పట్టలేదా?"

"ఆ రెండో పేజీ ఏమైంది, కోచ్?"

ఆయన ఈలతో ఆడుకున్నాడు. "ఏ పేజీ?"

"విమానం దిగినవాడి చేతికిచ్చిన పేజీ. మీ బండి ఫోటోలో ఉంది."

కోచ్ మైదానంకేసి తిరిగాడు. "పోయినసారి ఆ రాక్షసుల మైదానంలో ఎంతమందికి కాళ్ళు విరిగాయో తెలుసా నీకు?"

"ఇద్దరికి. ఆసుపత్రిలో వాళ్ళ పక్కన కూర్చున్నది నేనే."

"మరి? ఆ తేదీకి వాళ్ళకీ వేరే ఆట కావాలి, నాకూ వేరే ఆట కావాలి. బలహీనమైన జట్టొకటి మన ఊరికొస్తుంది, మనం గెలుస్తాం."

"సీజన్‌లో ఆరు ఆటలు గెలిస్తే మీ కాంట్రాక్టు మూడేళ్ళు పెరుగుతుంది. అది కూడా చెప్పండి."

"పెరిగితే ఏం? ఈ ఊరికి నేనేం చేశానో..." ఆయన గొంతు తగ్గించాడు. "నీళ్ళలో ఈదేవాళ్ళకోసం నన్ను రోడ్డుమీదికి లాగుతావురా? ఖాళీ కాగితంమీద సంతకం పెట్టినవాణ్ణి లేక్‌మోర్ ఉంచుకుంటుందా? నోరు తెరిస్తే ఇద్దరం పోతాం. మూసుకుంటే నీ ముసలి గుమాస్తా ఒక్కతే పోతుంది."

"ఆవిడ మీకంటే తొమ్మిదేళ్ళు చిన్నది, కోచ్."

పదకొండు ముప్ఫై అయిదుకి వేడ్ బోర్డు గదిలోకి వచ్చాడు. ఎప్పట్లాగే కిటికీ పక్క కుర్చీలో కోచ్ ఉన్నాడు, బోర్డువాళ్ళు ఆయనకి నీళ్ళు పోస్తున్నారు. తలుపు దగ్గర లోర్నా చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

గాంట్ కళ్ళజోడు తీశాడు. "వేడ్, రెండు ముక్కల్లో కానిద్దాం. ఆఫీసు పొరపాటు. అంతేగా?"

"ఒక ప్రశ్న ముందు," అని వేడ్ కాలేజీ లాయరు వైపు తిరిగాడు. "మా ఆఫీసు పంపితే ఆ ఉత్తరం చెల్లుతుందా?"

"చెల్లుతుంది. మీ సహాయకురాలు పంపినా మీరు పంపినట్టే."

"అధికారం లేనివాళ్ళు పంపితే?"

"అప్పుడు చెల్లదని వాదించొచ్చు. పదమూడు లక్షలు అడగొచ్చు. అయితే ఎవరు పంపారో పేరుతో సహా సభలో చెప్పాలి, రికార్డులో ఎక్కాలి."

వేడ్ జేబులో ఫోను మోగింది. పదకొండు నలభై ఏడు. లేక్‌మోర్. అతను దాన్ని తీసి బల్లమీద బోర్లించాడు. మోగి మోగి ఆగింది.

"సంతకం నాదే," అన్నాడు. "జనవరిలో ఖాళీ పేజీమీద పెట్టాను. అది నా తప్పు, నా పేరుతోనే రాసుకోండి. లోర్నా ఆ కాగితాన్ని కళ్ళతో కూడా చూడలేదు."

తలుపు దగ్గర చేతిసంచి కిందపడింది.

"ఎవరికిచ్చావు?" గాంట్ గొంతులో విసుగు పోయి భయం వచ్చింది. ఆయనకీ అర్థమవుతున్నట్టుంది.

"ఒరేయ్," అన్నాడు కిటికీ దగ్గరి మనిషి మెల్లగా. "ఇంటికి పోదాం పద."

"కోచ్‌కి..." అని వేడ్ ఆగాడు.

సభ రికార్డు రాసుకుంటున్న బోర్డు గుమాస్తా తలెత్తింది. "క్షమించండి, ఏ కోచ్? మన దగ్గర పద్నాలుగుమంది ఉన్నారు. పేరు కావాలి."

ముప్ఫైఏళ్ళలో ఆ పేరు అతని నోట ఎప్పుడూ రాలేదు. వేడ్ ఆయన కళ్ళలోకి చూశాడు.

"హాంక్ బ్రాడిగన్," అన్నాడు.