తోక చూపించే చేప

పొద్దున్నే వచ్చి, కళ్లజోడు తుడుచుకుని, ఆమె పదిహేడో చీటీ రాసి సీసాకు అంటించింది. లోపలి వేలెడంత సముద్రపు చేప మెల్లగా తిరిగి, చీటీకి తోక చూపించింది.

ఆ మ్యూజియంలో చేపలన్నీ అంతే. పేరు తప్పయితే తోక, ఒప్పయితే మొహం. చచ్చి స్పిరిట్‌లో నానుతున్నవాటికి ఇంత పట్టుదలేమిటని అక్కడెవరూ అడగరు.

ఆమెది ఆర్నెల్ల తాత్కాలిక ఉద్యోగం, ఇవాళే ఆఖరి రోజు. సాయంత్రంలోగా ఈ చేప ఏ జాతిదో తేలిస్తేనే కొనసాగింపు.

"నీకేం పేరు కావాలే తల్లీ! నా ఇద్దరు పిల్లలకీ పేర్లు పెట్టడానికి కూడా ఇన్ని తిప్పలు పడలేదు," అంది చేపతో.

"పుస్తకంలో పేరే రాసెయ్యమ్మా," అన్నాడు అధికారి, భోజనానికి లేస్తూ. "ఆ జాతికి వీపు రెక్కలో పుల్లల్లాంటి ఈనెలు పన్నెండు. ఇరవయ్యేళ్ల కిందటే నేను తేల్చేశాను. బీరువాలో నా చేప చూడు, ఎంత బుద్ధిగా మనల్నే చూస్తోందో!"

"మొదటి చీటీ అదే సార్. తోక చూపించింది. నాకు పదకొండే వస్తున్నాయి."

"మళ్లీ లెక్కపెట్టు."

"ఎనిమిదిసార్లు పెట్టాను!"

ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. రెండు చేపల్నీ పక్కపక్కన పెట్టి పోల్చుదామని బీరువా తెరిచింది. ఆయన సీసాకు ముందువైపు చీటీ లేదు. వెనక, గోడవైపు ఉంది. సీసాను తిప్పింది. చీటీ ఇటు రాగానే తోక కూడా ఇటే వచ్చింది.

ఆయన చేపను బయటికి తీసి భూతద్దం కింద పెట్టింది. చివరి ఈనె రెండుగా చీలింది గానీ దాని మొదలు ఒకటే. అలాంటిదాన్ని ఒకటిగానే లెక్కేయాలి. అంటే దీనికీ పదకొండే. రెండు చేపలదీ ఒకే జాతి, ఏ పుస్తకంలోనూ లేనిది.

"తెలుసు," అన్నాడు అధికారి, తిరిగొచ్చి చూసి, కుర్చీలో కూలబడి. "చీటీ అంటించిన రోజే అది తిరిగింది. ఆ పేరు మీదే నాకు ప్రమోషన్ వచ్చింది. తర్వాత ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

"ఆర్నెల్లు సార్! ఆర్నెల్లు నా కళ్లు పోయేలా లెక్కపెట్టించారు!"

ఆమె ఆయన చేపను తిరిగి సీసాలో వేసి, పాత చీటీలు పీకేసి, విసురుగా రెండు కొత్త చీటీల మీద 'ఇంకా పేరు పెట్టలేదు' అని రాసి అంటించింది. రెండు చేపలూ తీరిగ్గా తిరిగి ఆమెను చూశాయి.

"ఈ కొత్త జాతి గురించి రాయాలంటే ఏడాది పడుతుంది," అన్నాడాయన, కొనసాగింపు కాగితం మీద సంతకం పెడుతూ. "నువ్వే రాయి. నా తప్పు మొదటి పేజీలోనే ఉండాలి."

తర్వాత లేచి, తన సీసాను బీరువాలో పెట్టాడు, ఈసారి చీటీ బయటికి కనపడేలా.